నిండుగా లాగి నిలపాలా, తాకగానే వదలాలా: సంప్రదాయ విలువిద్యలో ఫుల్ డ్రా, స్నాప్ షూటింగ్‌లకు సమగ్ర మార్గదర్శి

నారి బుగ్గకు ఆనాక రెండు మూడు సెకన్లు నిలిపి, గురి కుదిరాక వదిలేవాళ్లు కొందరు. లాగిన ఊపులోనే, చేయి బుగ్గను తాకీ తాకగానే వదిలేవాళ్లు మరికొందరు. మొదటి పద్ధతిని ఫుల్ డ్రాలో నిలపడం అంటాం, రెండోదాన్ని స్నాప్ షూటింగ్ అంటాం. గురి చూపే సైట్లు, ఊపు తగ్గించే స్టెబిలైజర్లు లేని లాంగ్‌బో (పొడవాటి తిన్నని విల్లు), రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు), వెదురు విల్లు పట్టినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండింటి మధ్య నలుగుతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా విల్లు పట్టే పిల్లల్ని, పెద్దల్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. మా మాట ఒక్కటే: ముందు నిలపడం రావాలి. నిలపగలిగినవాళ్లకే తాకగానే వదలడం ఒక పద్ధతి అవుతుంది. నిలపలేనివాళ్లకు అది జబ్బు.

పాత తెలుగులో ‘ఆకర్ణాంతం నారి సారించి’ అనే మాట ఉంది. చెవి దాకా లాగి అని దాని అర్థం. ఎంత లాగాలో ఆ మాటలోనే కొలత ఉంది. బొటనవేలితో లాగే పద్ధతుల్లో నారి నిజంగానే చెవి దగ్గరికి వెళ్తుంది. మూడు వేళ్లతో లాగేటప్పుడు పెదవుల మూల దగ్గర ఆగుతుంది. చోటు ఏదైనా, ప్రతి బాణానికీ అదే చోటు కావాలి.

కింద చెప్పేదంతా కుడిచేతివాటం వాళ్లకు. ఎడమచేతివాటం వాళ్లు కుడి ఎడమలు తిప్పి చదువుకోండి.

ముందుగా ఒక పరీక్ష

పది మీటర్ల దూరంలో టార్గెట్ ముందు నిలబడండి. బాణం ఎక్కించి, నిండుగా లాగి, చేయి బుగ్గకు ఆన్చి, సరిగ్గా నడిమి మీద గురి పెట్టండి. మనసులో మూడు లెక్కపెట్టండి. బాణం వదలకుండా, నారిని మెల్లగా వెనక్కి దించేయండి. ఇలా పది సార్లు.

పదికి పది దిగితే మీ చేయి మీ మాట వింటోంది. ఒక్కసారైనా వేళ్లు వాటంతట అవే తెరుచుకున్నా, చేయి బుగ్గకు రెండు అంగుళాల ముందే ఆగిపోయినా, నడిమి మీదికి గురి తేలేక కిందే ఉండిపోయినా మీరు చేస్తున్నది స్నాప్ షూటింగ్ కాదు. దానికి వేరే వైద్యం ఉంది, చివరి భాగంలో చెప్పాం. ఈ పరీక్ష నెలకోసారి చేసుకోవాలి, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా సరే.

అర అంగుళం ఏం చేస్తుంది

చేయి బుగ్గను తాకకముందే బాణం వెళ్లిపోతే నష్టం ఎంతో లెక్క వేద్దాం. 40 పౌండ్ల విల్లు (నారిని నిండుగా లాగడానికి పట్టే బలమే ఈ పౌండ్లు, వింటి బరువన్నా ఇదే) సెకనుకు సుమారు 49 మీటర్ల వేగంతో బాణం పంపుతోందనుకోండి. అర అంగుళం తక్కువ లాగితే వేగం సెకనుకు ఒక మీటరు పైచిలుకు తగ్గుతుంది. 20 మీటర్ల దగ్గర ఆ బాణం దాదాపు 4 సెం.మీ. కిందికి తగులుతుంది, 30 మీటర్ల దగ్గర 8 సెం.మీ. పైగా. 80 సెం.మీ. టార్గెట్ కాగితం మీద ఒక్కో వలయం వెడల్పు 4 సెం.మీ. అంటే 20 మీటర్లలోనే ఒక వలయం పోయింది. అంగుళం తగ్గితే రెండు. గురి ఏమాత్రం తప్పకుండానే ఈ పాయింట్లు పోతాయి.

ఇంకో నష్టం కూడా ఉంది. తక్కువ లాగిన విల్లుకు ఆ బాణం గట్టిదైపోతుంది, అంటే తక్కువ వంగుతుంది. కుడిచేతివాళ్లకు అది ఎడమ పక్కకు పోతుంది. అందుకే ‘కిందా ఎడమా, కిందా ఎడమా’ అని పోతున్న బాణాలు కనబడితే గురిని సరిదిద్దుకోకండి. ముందు ఎంత లాగుతున్నారో చూసుకోండి.

ఆ కొలత చూసుకోవడం తేలిక. నిండుగా లాగినప్పుడు వింటి వెలుపలి అంచు బాణం మీద ఎక్కడికి వస్తుందో అక్కడ సన్నటి తెల్ల టేపు చుట్టండి. సెల్‌ఫోన్‌ను మూడు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తులో, పక్క నుంచి చూసేలా నిలిపి స్లో మోషన్‌లో తీయండి. సెకనుకు 120 ఫ్రేములు చాలు, 240 ఉంటే ఇంకా మంచిది. నారి కదిలే ముందరి ఫ్రేములో టేపు వింటి అంచు దగ్గర ఉందా, ఇంకా ముందే ఉందా చూడండి. చాలామంది ఈ వీడియో చూసే దాకా తాము పూర్తిగా లాగుతున్నామనే నమ్ముతారు.

తోడు ఎవరైనా ఉంటే ఫోను కూడా అక్కర్లేదు. పక్కన నిలబడినవాళ్లు టేపునే చూస్తూ, బాణం బాణానికీ ఒక్క మాట చెప్పాలి: ‘అందింది’ లేదా ‘అందలేదు’. ‘బాగా వేశావు బావా’ అనడం, ఎక్కడ తగిలిందో చెప్పడం వద్దు. తగిలిన చోటు గురించి మాట్లాడిన మరుక్షణం లాగేవాడి మనసు చేతిని వదిలి టార్గెట్ మీదికి పోతుంది.

విల్లు బరువు: సగం రోగాలు ఇక్కడే

నిలపలేకపోవడానికి మొదటి కారణం మోయలేని విల్లు. పెద్దవాళ్లైన మగవారు 25 నుంచి 30 పౌండ్లతో, ఆడవారు 20 నుంచి 25తో, పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు 12 నుంచి 18తో మొదలుపెట్టాలి. ‘ఒంట్లో బలం ఉంది, 45 పౌండ్లది కొనేద్దాం’ అనుకునేవాళ్లు దయచేసి ఆగండి. బరువు ఎత్తడానికి వాడే కండరాలూ, వింటిని నిలపడానికి వాడే కండరాలూ ఒకటి కావు. వ్యాయామశాలలో బస్తాలు ఎత్తిన మనిషి కూడా 40 పౌండ్ల వింటిని బుగ్గ దగ్గర మూడు సెకన్లు నిలపలేక వణుకుతాడు.

వింటి మీద రాసిన అంకె 28 అంగుళాల లాగుడుకు చెప్పింది. మీ లాగుడు అంత ఉండకపోవచ్చు. చేతులు రెండు పక్కలకూ చాచి, ఒక నడిమి వేలి కొస నుంచి రెండో దాని కొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించండి. 66 అంగుళాలు వస్తే మీ లాగుడు 26 పైచిలుకు. ఒక్కో అంగుళానికి రెండు రెండున్నర పౌండ్లు తగ్గుతాయి కాబట్టి ‘40’ అని రాసిన విల్లు మీ చేతిలో 36 పౌండ్లది. కచ్చితంగా కావాలంటే సామాన్లు తూచే కొక్కెం కాటాను నారికి తగిలించి టేపు గుర్తు దాకా లాగండి. వచ్చిన కిలోలను 2.2తో గుణిస్తే పౌండ్లు.

సరిపోయే విల్లు ఎలా తెలుస్తుంది? బుగ్గ దగ్గర పది సెకన్లు నిలిపినా ముంజేయి వణకకూడదు. నిమిషం విశ్రాంతితో మూడు సార్లు అలా నిలపగలగాలి. రెండు నెలల సాధన తర్వాత అది తేలికైతే రెండు నుంచి నాలుగు పౌండ్లు పెంచవచ్చు, అంతకు మించి వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పది సెకన్ల పరీక్ష ఫైబర్‌గ్లాస్ కలిసిన వింటి మీదే చేయండి. పూర్తిగా కర్రతోనో వెదురుతోనో చేసిన వింటిని మూడు సెకన్లకు మించి నిండుగా లాగి ఉంచకూడదు. ఎక్కువసేపు వంగి ఉన్న కర్ర నారి దించాక కూడా పూర్తిగా తిన్నబడదు, విసురు తగ్గిపోతుంది, ఏ ముడి దగ్గరో పొరపాటు ఉంటే విరుగుతుంది కూడా. ఇండియన్ రౌండ్ అనే పోటీ విభాగం కోసం వెదురు విల్లు వాడే పిల్లలకు ఇది మొదటి రోజే చెప్పాలి. వాళ్లు నిలిపే కసరత్తును పాత సైకిల్ ట్యూబుతో చేసుకోవచ్చు. ట్యూబును ఎడమచేతికి ఒక చుట్టు చుట్టి పట్టుకోండి, జారితే ముఖానికి కొడుతుంది. బుగ్గ దాకా లాగి పది సెకన్లు నిలపండి, ఇరవై సెకన్లు వదలండి, ఇలా ఆరు సార్లు, వారానికి నాలుగు రోజులు. మూడో వారానికి పదిహేను సెకన్లకు పెంచండి.

ఏ విల్లైనా సరే, బాణం లేకుండా లాగి నారి వదలకండి. బాణం మోసుకుపోవలసిన శక్తంతా వింటి కొమ్ముల మీదే పడుతుంది.

టార్గెట్, దాని వెనక

మన దగ్గర మంచి టార్గెట్‌కు కొదవ లేదు. గోనెసంచిలో పాత చీరలు, గుడ్డపీలికలు కాలితో తొక్కి తొక్కి కూరితే 35 పౌండ్ల వింటి బాణాన్ని ఆపుతుంది. ఉద్దానం వైపు వాళ్లు కొబ్బరిపీచు కూరవచ్చు. వరిగడ్డితో చేస్తే కనీసం 30 సెం.మీ. మందం, నాలుగు అడుగుల చదరం ఉండాలి, తాళ్లతో గట్టిగా బిగించాలి. వదులుగా ఉంటే బాణం పింజ దాకా దూసుకుపోయి ఈకలు ఊడతాయి.

టార్గెట్ వెనక ఏముందన్నది ఇంకా ముఖ్యం. చెరువు గట్టు చూడగానే మంచి అడ్డు అనిపిస్తుంది, కానీ ఊరి గట్లన్నీ దారులే. పశువులూ మనుషులూ అటే నడుస్తారు. దారి లేని మట్టిదిబ్బ కావాలి. తాటిచెట్టు మొదలు ముందు టార్గెట్ పెడితే తప్పిన బాణం చెట్టుకు తగిలి పక్కకు ఎగురుతుంది. 40 పౌండ్ల విల్లు పైకెత్తి వదిలితే బాణం 150 మీటర్లకు పైగా పోతుంది. అందుకే లాగేటప్పుడు ములికి ఎప్పుడూ టార్గెట్ ఎత్తుకు మించి పైకి లేవకూడదు. వేళ్లు జారే ప్రమాదం స్నాప్ షూటింగ్ సాధనలో ఎక్కువ కాబట్టి ఈ నియమం అక్కడ మరీ గట్టిది.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల మీది సవర, జాతాపు ఊళ్లకు విల్లు కొత్త కాదు. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఈ వ్యాసంలో చెప్పేదంతా గడ్డి టార్గెట్ కోసమే.

నిలపడం, మెట్టు మెట్టుగా

1. కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, టార్గెట్‌కు పక్కగా నిలబడండి. బరువు రెండు పాదాల మీదా సమానంగా ఉండాలి.

2. బాణం ఎక్కించండి. నారి మీది గుర్తు, బాణం ఆనే చోటు నుంచి నారికి లంబంగా గీసిన గీత కంటే ఒక సెంటీమీటరు పైన ఉండాలి. రంగు వేరుగా ఉన్న ఈక వింటికి ఎదురు వైపు, అంటే మీ వైపు.

3. చూపుడువేలు బాణం పైన, నడిమి వేలు, ఉంగరపు వేలు కింద. నారి మొదటి కణుపు మడతలో పడాలి, వేళ్ల కొసల మీద కాదు. కొసలతో పట్టుకుంటే జారుతుందేమోనన్న భయంతో ముంజేయి బిగుసుకుంటుంది. బాణానికీ వేళ్లకూ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు వదలండి. బరువు ఎక్కువగా నడిమి వేలు మోయాలి.

4. ఎడమచేతిని బొటనవేలి మొదట్లోని కండ మీద వింటికి ఆన్చండి. పిడికిలి బిగించకండి. భుజాన్ని కిందికి దించి, ఆ తర్వాతే విల్లు ఎత్తండి. ఎత్తాక దించుదామంటే దిగదు.

5. ఒకటిన్నర, రెండు సెకన్లలో ఒకే వేగంతో లాగండి. మొదట నెమ్మదిగా, చివర్లో గుంజినట్టు లాగితే చేయి బుగ్గ దగ్గర ఆగదు, కొట్టుకుంటుంది.

6. చూపుడువేలి కొస పెదవుల మూల దగ్గర, కోరపన్ను మీదికి ఆనాలి. దీన్నే యాంకర్ అంటాం. ఈ ఒక్క ఆనిక చాలదు. రంగు ఈక ముక్కు కొసకు తగలాలి. రెండు చోట్లా తగిలితేనే మీ తల, చేయి, నారి మొన్నటి బాణానికి ఎక్కడ ఉన్నాయో ఇవాళా అక్కడే ఉన్నట్టు.

7. ఇప్పుడు అసలు పని. యాంకర్ తాకిన క్షణంలో బరువంతా ముంజేయి, జబ్బ మీదే ఉంటుంది. అక్కడే ఉంచితే రెండో సెకనుకు వణుకు మొదలవుతుంది. ఆ బరువును వీపుకు అప్పగించాలి. కుడి మోచేతిని వెనక్కి, మీ వీపు చుట్టూ తిప్పుతున్నట్టు కొద్దిగా కదపండి. కుడి రెక్క ఎముక వెన్నెముక వైపు జరుగుతుంది.

వెనక నిలబడి చూసేవాళ్లకు ఇది స్పష్టంగా కనబడుతుంది. చొక్కా మీద రెండు రెక్కల మధ్య అప్పటి దాకా వదులుగా ఉన్న ముడత సన్నటి నిలువు గీతలా బిగుసుకుంటుంది. మోచేతి కొస బాణం గీతలోకి, దానికి రవ్వంత పైకి వచ్చి నిలుస్తుంది. ముందు వైపు చూస్తే ములికి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జారుతుంది. అరచేతి వెనక భాగం, మణికట్టు మెత్తబడతాయి. మణికట్టు వంకరగా ఉబ్బి ఉంటే బరువు ఇంకా చేతిలోనే ఉందన్నమాట.

8. గురి. ములికిని టార్గెట్‌తో పోల్చి చూసేవాళ్లైనా, కేవలం చోటునే చూస్తూ వేసేవాళ్లైనా, ములికి కాస్త తేలుతూనే ఉంటుంది. దాన్ని పూర్తిగా ఆపాలని ప్రయత్నించకండి. పైడితల్లి జాతరలో సిరిమాను మొదలు బెత్తెడు కదిలితే కొసన కూర్చున్న పూజారి ఎంత ఊగుతాడో చూసే ఉంటారు. భుజంలో మిల్లీమీటరు కదలిక 20 మీటర్ల అవతల రెండు మూడు సెంటీమీటర్లవుతుంది. ఆ ఊపు నడిమి చుట్టూ తిరుగుతుంటే చాలు.

9. ఈ సమయమంతా వీపు లాగుతూనే ఉండాలి. ‘నిలపడం’ అనే మాట ఇక్కడ కొంచెం మోసం చేస్తుంది. కదలకుండా ఆపేద్దామని చూస్తే నారి వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా ముందుకు పోతుంది. దీన్ని క్రీప్ అంటారు. లాగేవాడికి తెలియదు, టేపుకు తెలుస్తుంది. పైకి నిలిచి కనిపించినా, లోపల వీపు లాగుతున్నంతసేపే మంచి నిలుపు.

10. వదలడం అంటే వేళ్లు తెరవడం కాదు, పట్టు వదిలేయడం. నారే వేళ్లను తోసుకుని పోతుంది. వీపు లాగుతూ ఉన్నందున చేయి దానంతట అదే చెవి కింద, మెడ వైపు వెళ్తుంది. చేయి ముఖానికి దూరంగా పక్కకు ఎగిరితే నారిని మీటినట్టే, బాణం ఎడమకు పోతుంది.

11. బాణం తగిలిన చప్పుడు వినే దాకా ఎడమచేయి అక్కడే.

ఎంతసేపు?

యాంకర్ తాకాక రెండు నుంచి మూడు సెకన్లు. మొదటి సెకను వీపుకు అప్పగించడానికి, రెండోది గురికి, మూడో దానిలోపు వదలాలి. నాలుగు దాటితే చూపు మసకబారుతుంది, ఊపిరి కోసం ఛాతీ కదులుతుంది, క్రీప్ మొదలవుతుంది. ఐదో సెకనులో వదిలిన బాణం బాగా తగలడం అరుదు. అప్పటికి కుదరకపోతే దించేయండి. దించడం ఓటమి కాదు, సాధనలో అదీ ఒక బాణమే. ప్రతి ఆరు బాణాల్లో ఒకటి కావాలనే దించండి.

టీవీలో పోటీలు చూసి ‘వాళ్లు పది సెకన్లు నిలుపుతున్నారు కదా’ అనుకునేవాళ్లు ఉన్నారు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ చేతిలోది కాంపౌండ్ విల్లు. దాని చక్రాలు నిండుగా లాగాక బరువులో మూడింట రెండొంతులో అంతకు మించో తామే మోస్తాయి. లాగేవాళ్లకు మిగిలేది పది పదిహేను పౌండ్లు. ఒలింపిక్ రికర్వ్‌లో ఆ వెసులుబాటు లేదు, కానీ క్లిక్కర్ అనే సన్నటి రేకు ఉంటుంది. బాణం పూర్తి పొడవు లాగగానే అది టక్కుమని, ఇక వదలవచ్చని చెబుతుంది. మన వింటికి చక్రాలూ లేవు, రేకూ లేదు. ఆ రెండింటి పనీ వీపూ, రెండు ఆనికలే చేయాలి.

తాకగానే వదలడం

దీన్ని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. బరువైన కర్ర విల్లుకు ఇదే తగిన పద్ధతి, కర్ర అలసిపోదు, మనిషీ అలసిపోడు. దొర్లే చక్రం, తాడుకు వేలాడదీసి ఊపిన కొబ్బరికాయ లాంటి కదిలే గురికి ఇదే కుదురుతుంది. అమెరికాలో విల్లుతో వేటకు పేరుపడ్డ ఫ్రెడ్ బేర్ (1902–1988) ఇలా త్వరగా వదిలే మనిషే. కాకపోతే 20 మీటర్లు దాటాక, గాలి ఉన్నప్పుడు, ములికితో గురి చూసేవాళ్లకు, కాగితం మీద పాయింట్లు లెక్కించే పోటీకి ఇది పనికిరాదు.

నేర్చుకునే ముందు రెండు షరతులు. పై దించే పరీక్షలో పదికి పది రావాలి. నిలిపి వేసిన ముప్పై బాణాల్లో కనీసం ఇరవై ఏడు ‘అందింది’ అనిపించుకోవాలి.

విల్లు నడుము దగ్గర ఉండగానే చూపు మొదలవ్వాలి. ఎక్కడ తగలాలో ఆ చోటును రూపాయి బిళ్లంత చేసి రెండు సెకన్లు చూడండి. కాగితం మొత్తాన్ని చూడకండి. స్నాప్ షూటింగ్‌లో గురి చూసే సమయం పోదు, లాగడానికి ముందుకు జరుగుతుంది. ఇది అర్థం కానివాళ్లే దీన్ని తొందరపాటు అనుకుంటారు.

తర్వాత విల్లు ఎత్తుతూనే లాగండి. ఎడమచేయి ఆ చోటు వైపు తోస్తుంటే కుడిచేయి వెనక్కి వస్తుంది. ఎడమచేయి పూర్తిగా చాచుకునేసరికి నారి మూడొంతులు లాగి ఉండాలి. మొత్తం ఒక సెకను, మహా అయితే ఒకటింబావు. కింది నుంచి పైకే రావాలి, పైనుంచి కిందికి కాదు. వేలి కొస పెదవుల మూలను, ఈక ముక్కును తాకడమే ఇక్కడ క్లిక్కర్. తాకిన ఆ స్పర్శకు వేళ్లు వదులవ్వాలి. కళ్లు నడిమిని చూసినందుకు వదలకూడదు. తేడా చిన్నదిగా కనబడుతుంది, కానీ స్పర్శ ప్రతిసారీ ఒకే చోట జరుగుతుంది, కళ్లకు నడిమి కనబడటం ఎప్పుడైనా జరగవచ్చు. వదిలాక చేయి వెనక్కి వెళ్తున్న ఊపు ఆగకూడదు.

10 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఆరు బాణాల్లో ఐదు అన్నం పళ్లెమంత వలయంలో పడితే 12కు, ఆపైన 15కు జరగండి. ఐదు బాణాలకోసారి బుగ్గను తాకాక దించేయండి. ఇది బ్రేకు పరీక్ష. బ్రేకు పడని రోజున స్నాప్ ఆపి, నిలిపే సాధనకు వెళ్లండి. ఈ సాధనలో రోజుకు ముప్పై బాణాలు మించవద్దు. అలసిన చేయి ముందుగా దొంగిలించేది చివరి అంగుళాన్నే.

చాలామందికి మేము చెప్పేది మధ్య దారి: రెండు ఆనికలూ తాకాక మనసులో ‘ఒకటి’ అనుకుని వదలడం. అర సెకను, ముప్పావు సెకను. 35 పౌండ్ల రికర్వ్‌తో 15, 20 మీటర్లలో వేసేవాళ్లకు ఇంతకంటే నికరమైనది లేదు. వీపుకు బరువు అందుతుంది, కర్ర అలవదు, వేళ్లకు పగ్గం ఉంటుంది.

ఎండ, ఉక్క, గాలి

ఏప్రిల్, మే నెలల్లో మన తీరంలో ఉక్క నిలుపును దెబ్బతీస్తుంది. చెమటకు ఫింగర్ ట్యాబ్ (నారి లాగే వేళ్లకు అడ్డంగా పెట్టుకునే ముక్క) తడిసి నారికి అంటుకుంటుంది, వదలడం ఆలస్యమై మీటినట్టవుతుంది. రెండు ట్యాబ్‌లు పెట్టుకుని మార్చుకోండి, కాస్త టాల్కం పౌడర్ రాయండి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదింటి దాకా సాధన చేయండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పెరుగుతుంది, గాలి ఆగుతుందేమోనని ఎక్కువసేపు నిలిపే అలవాటు పడుతుంది. అది క్రీప్‌కు దారి.

వానాకాలంలో కర్ర, వెదురు విల్లు తేమ పీల్చి మెత్తబడుతుంది. రెండు మూడు పౌండ్లు తగ్గినా బాణాలు కిందికి పడతాయి, మీరేమో మీ నిలుపును అనుమానిస్తారు. నెలకోసారి కాటాతో తూచండి. సాధన అయ్యాక నారి దించి, విల్లును అడ్డంగా రెండు మేకుల మీద పెట్టండి, గోడకు ఆనించి నిలబెట్టకండి. ఎండలో ఆపిన కారులో వదిలితే అతుకులు విడిపోతాయి. నారికి తేనెమైనం రుద్దండి.

చేయి మాట విననప్పుడు

మొదటి పరీక్షలో వేళ్లు వాటంతట అవే తెరుచుకున్నవాళ్లకు ఈ భాగం. దీన్ని టార్గెట్ ప్యానిక్ అంటారు. ‘నడిమి కనబడింది’, ‘వదలాలి’ అనే రెండూ మెదడులో ముడిపడిపోతాయి. కొందరికి బాణం ముందే పోతుంది, కొందరికి గురి నడిమికి కింద బిగుసుకుపోయి పైకి రాదు, కొందరు వదలబోతూ ఉలిక్కిపడతారు. ఇది పిరికితనం కాదు, సిగ్గుపడవలసింది అసలే కాదు. జపాన్ వాళ్ల విలువిద్య క్యూడోలో నిండుగా లాగి ఉండే దశకు ‘కై’ అని పేరు, ఆ దశ నిలవకుండా బాణం ముందే పోవడానికి ‘హయకే’ అని ప్రత్యేకంగా మరో పేరు ఉంది. పేరు పెట్టేంతగా అందరికీ వచ్చేదే.

ఆరు వారాలు కావాలి. విల్లు మీకు అలవాటైన దానికంటే పది పౌండ్లు తేలికైనది తెచ్చుకోండి.

మొదటి రెండు వారాలు కాగితం తీసేయండి. ఖాళీ గోనె టార్గెట్‌కు రెండు మీటర్ల దూరంలో నిలబడి, యాంకర్ తాకాక కళ్లు మూసుకుని, మూడు లెక్కపెట్టి వదలండి. రోజుకు నలభై బాణాలు. కళ్లు మూస్తే ముడిపడ్డ రెండింటిలో ఒకటి లేకుండా పోతుంది. టార్గెట్ గుండె ఎత్తులో ఉండాలి, చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు.

మూడో వారం కాగితం పెట్టి పది మీటర్లలో నిలబడండి, కానీ ఒక్క బాణమూ వదలవద్దు. లాగండి, నడిమి మీద గురి పెట్టండి, మూడు లెక్కపెట్టండి, దించండి. రోజుకు ఇరవై సార్లు. విసుగు వస్తుంది. ఈ వారం దాటవేసినవాళ్లకు జబ్బు తిరగబెడుతుంది.

నాలుగో వారం ఒక గవ్వ జేబులో వేసుకోండి. ప్రతి బాణానికీ ముందు తోడుగా ఉన్నవాళ్లు గవ్వ వేసి, వెల్లకిల పడిందో బోర్లా పడిందో మీకు చెప్పకుండా చూసుకోవాలి. మీరు నిండుగా లాగి గురి పెట్టాక, రెండో సెకనులో వాళ్లు ‘వెయ్యి’ అనో ‘దించు’ అనో చెప్పాలి. ఏది వస్తుందో తెలియదు కాబట్టి వేళ్లు ఎదురుచూడటం నేర్చుకుంటాయి. మూడు మీటర్లతో మొదలుపెట్టి, ఐదో వారం చివరికి పదికి వెళ్లండి. ఆరో వారంలో మీ పాత దూరం, ఇంకా తేలిక వింటితోనే.

ఈ ఆరు వారాలూ పాయింట్లు లెక్కపెట్టకండి, పోటీలకు వెళ్లకండి, చూడటానికి వచ్చిన చుట్టాల ముందు వేయకండి. మధ్యలో ఒకరోజు చేయి మళ్లీ పాత దారి పడుతుంది. వరుసగా రెండు బాణాలు ముందే పోతే ఆ రోజుకు మూడో బాణం ఎక్కించవద్దు. రెండు మీటర్ల దగ్గరికి నడిచి, కళ్లు మూసుకుని ఐదు బాణాలు మంచిగా నిలిపి వేసి, నారి దించి విల్లు సంచిలో పెట్టేయండి.